తొమ్మిదో నంబరు బదులు

ఎల్స్పా చెడ్డ మనిషి కాదు. ఆ సంగతి ముందే చెప్పి మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే ఆ ఆదివారం తర్వాత ఆవిణ్ణి తిట్టని నోరు మా దీవుల్లో లేదు. తిట్టినవాళ్ళే ఇంటికెళ్ళి ఆవిడ కోసం కళ్ళొత్తుకున్నారు, అది వేరే సంగతి.

ఫారో దీవులన్నీ కలిపి యాభై వేల చిల్లర జనం. ఆడవాళ్ళ వాలీబాల్ లీగ్ పై తరగతిలో ఆరంటే ఆరు జట్లు. ఇంత చిన్న దేశంలో ఒకరికొకరు ఏమీ కాకుండా ఉండాలంటే ఓడెక్కి డెన్మార్క్ పోవాల్సిందే. నెట్టుకి అవతల నిలబడి నీ మొహం మీద స్మాష్ కొట్టే పిల్ల నీ మేనత్త కోడలి చెల్లెలై ఉంటుంది. రెఫరీ నీకు బళ్ళో ఎక్కాలు చెప్పిన మనిషై ఉంటాడు. ఓడిపోయి వచ్చి కాఫీ బల్ల దగ్గర నిలబడితే, గెలిచిన జట్టు వాళ్ళ అమ్మే కేకు ముక్క కోసి నీ చేతిలో పెట్టి, "మొన్న మీ నాన్నకి మోకాలు నొప్పన్నారు, తగ్గిందా?" అంటుంది. ఇలాంటి చోట ఎవరి మీదైనా ఎంతసేపని కోపం ఉంచుకోగలం?

దక్షిణ ద్వీపం జట్టు పేరు లోమ్వీ. బయట ఏ మ్యాచ్ ఉన్నా రెండు గంటలు ఓడలో రాజధాని టోర్షావన్ దాకా ఊగుతూ వచ్చి ఆడి, మళ్ళీ రెండు గంటలు ఊగుతూ పోయేవాళ్ళు. ఆ జట్టుకి పదిహేనేళ్ళ పాటు లిఫ్టర్ బీరిటా, నంబరు తొమ్మిది. ఆమె ఎత్తిన బంతిని కొట్టేది చెల్లెలు ఎల్స్పా. బీరిటా బంతి ఎత్తేటప్పుడు చెల్లెలి వైపు చూసేది కాదు. నెట్టుకి వీపు తిప్పి, వెనక్కి, తల మీదుగా వదిలేది. అక్కడ చెల్లెలు ఉంటుందని ఆవిడకి తెలుసు. ఉండేది కూడా. ఒకసారి ఎవరో అడిగారు, "చూడకుండా ఎలా ఇస్తావే?" అని. "చిన్నప్పుడు ఒకే మంచం మీద పడుకున్నాం, అది ఎటు దొర్లుతుందో నాకు తెలియదా?" అందిట బీరిటా.

రెండేళ్ళ కిందట ఆగస్టులో, చేపల ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టు చేస్తూ, కత్తి చేతిలో ఉండగానే బీరిటా పడిపోయింది. తలలో నరం చిట్లిందన్నారు. హెలికాప్టర్ వచ్చేలోపు అయిపోయింది. నలభై మూడేళ్ళు. మొగుడు ట్రాలర్ మీద గ్రీన్‌లాండ్ దగ్గరెక్కడో ఉన్నాడు, సమాధికి కూడా అందలేదు. ఒక్కగానొక్క కూతురు సున్వా, అప్పటికి పదహారేళ్ళది. ఆ పూటే దాని బట్టలు సంచిలో సర్ది, తన ఇంటికి నడిపించుకుపోయింది ఎల్స్పా.

ఎల్స్పా అప్పటికే మోకాలు పాడై ఆట మానేసి జట్టుకి కోచ్‌గా ఉంది. సున్వా లిఫ్టర్ అయింది, నంబరు పద్నాలుగు. అచ్చం తల్లి పొడుగు, తల్లి భుజాలు, నిలబడితే ఎడమ పాదం కొంచెం లోపలికి తిప్పడం కూడా తల్లిదే. అదే వచ్చింది చిక్కు.

సెమీఫైనల్స్‌కి మూడు వారాల ముందు, వంటింట్లో బంగాళాదుంపల తొక్క తీస్తూ సున్వా నోరు విప్పింది.

"పిన్నీ, నీతో ఒక మాట."

"చెప్పవే."

"నిన్న ప్రాక్టీసులో నన్ను ఎన్నిసార్లు బీరిటా అన్నావో తెలుసా?"

"ఒకసారేదో నోరు జారాను."

"ఏడుసార్లు. మన కెప్టెన్ రగ్నా లెక్కపెట్టింది. వద్దన్నా లెక్కపెట్టింది."

"దానికి వేరే పని లేదూ? బ్లాక్ చెయ్యమంటే చేతులు ముడుచుకుంటుంది కానీ లెక్కలు మాత్రం బాగా పెడుతుంది."

"నవ్వించకు పిన్నీ, నేను నిజంగా మాట్లాడుతున్నా." సున్వా కత్తి కింద పెట్టింది. "టోర్షావన్ జట్టు వాళ్ళు పిలిచారు. ఆగస్టు నుంచి వచ్చెయ్యమన్నారు. నర్సింగ్ కాలేజీ కూడా అక్కడే కదా."

ఎల్స్పా కుళాయి కట్టేసింది.

"నాకు వెళ్ళాలని లేదు," అంది సున్వా. "కాలేజీ ఎటూ తప్పదు, వారంలో నాలుగు రోజులు అక్కడుంటా. మిగతా మూడు రోజులు ఇంటికొస్తా, ఆట ఇక్కడే ఆడతా. కానీ నువ్వు నన్ను చూసినప్పుడు నన్నే చూడాలి. నేను మంచి బంతి ఎత్తితే నీ కళ్ళలో నీళ్ళొస్తాయి పిన్నీ. చెడ్డ బంతి ఎత్తితే మామూలుగా ఉంటావు. అంటే నేను చెడగొడితేనే నేను. బాగా ఆడితే అమ్మ. నాకు ఊపిరాడటం లేదు."

పద్దెనిమిదేళ్ళ పిల్ల అన్న మాట అది. ఎల్స్పా తడి చేతులు గౌనుకి తుడుచుకుని వచ్చి, దాని గడ్డం పట్టుకుంది. "ఇవాళ్టి నుంచి ఆ పేరు నీ మీద పెట్టను. ఒట్టు. ఇంకొక్కసారి జరిగితే నువ్వు సంచి సర్దుకో, నేనే రేవు దాకా మోసుకొచ్చి ఓడెక్కిస్తాను."

"మాట మీద ఉంటావా?"

"ఉంటానే తల్లీ."

ఉంది కూడా. మూడు వారాలు ఒక్కసారంటే ఒక్కసారి నోరు జారలేదు. పిలిచే ముందు ఒక్క క్షణం ఆగి, లోపల పేరు సరిచూసుకుని, అప్పుడు పిలిచేది. పిల్లలు చాటున నవ్వుకునేవాళ్ళు, "కోచ్‌కి నత్తి వచ్చిందే" అని. నవ్వితే నవ్వారు, సున్వా మొహం తేటపడింది. టోర్షావన్ వాళ్ళకి ఏమీ తేల్చి చెప్పకుండా ఊరుకుంది. ఎల్స్పా నోటికి తాళం వేసుకుంది, బాగానే ఉంది. చేతి సంగతి మరిచిపోయింది.

ఆ చేతి సంగతి చెప్పాలి. మ్యాచ్‌కి ముందు కోచ్ ఒక జాబితా ఇవ్వాలి, ఆడేవాళ్ళ పేర్లూ నంబర్లూ. స్కోరు రాసేవాళ్ళు దాన్ని తమ పెద్ద కాగితంలోకి ఎక్కించుకుంటారు. బీరిటా పోయాక మొదటి మ్యాచ్‌లో, చేతి అలవాటు కొద్దీ, ఎల్స్పా మొదటి గీత మీద తొమ్మిది, బీరిటా అని రాసి ఇచ్చేసింది. ఇచ్చాక చూసుకుంది. బల్ల దగ్గర కూర్చున్న ఎబ్బా, పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన పెద్దావిడ, ఆ పేరు చూసింది, ఎల్స్పా మొహం చూసింది, కళ్ళద్దాలు సర్దుకుని కిమ్మనకుండా ఎక్కించేసుకుంది. రాని ఆటగత్తె పేరు జాబితాలో ఉంటే నేరమేమీ కాదు, ఎవరికో జ్వరం వచ్చి రాలేదనుకుంటారు. తర్వాతి మ్యాచ్‌లో ఎల్స్పా తెలిసే రాసింది. ఆ తర్వాతా రాసింది. ఆ ఊరూ ఈ ఊరూ, ఆరు హాళ్ళలోనూ స్కోరు రాసేవాళ్ళు ఆ పేరు చూశారు, ఎక్కించారు, పెదవి విప్పలేదు. రెండు సీజన్ల పాటు చచ్చిపోయిన మనిషి దేశమంతా ఆడుతూనే ఉంది, కాగితం మీద. అందరికీ తెలుసు. తెలియంది సున్వాకొక్కదానికే. దయ అనుకున్నారు అందరూ. ఒక్కరైనా గట్టిగా, "చాల్లేవే, ఇంక కొట్టెయ్" అని ఉంటే ఎంత బాగుండేది! మా వాళ్ళకి తుఫానులో పడవ వెయ్యమంటే వేస్తారు కానీ, ఒకళ్ళ మనసు నొచ్చే మాట మొహం మీద అనమంటే చేతకాదు.

సెమీఫైనల్లో టోర్షావన్ జట్టుతో రెండు మ్యాచ్‌లయ్యాయి, చెరొకటి గెలిచారు. మూడోది టోర్షావన్ హాల్లో, ఆదివారం మధ్యాహ్నం. పొద్దున గాలి చూసి ఓడ కదలదేమో అన్నారు, కదిలింది. ద్వీపం నుంచి నూట యాభై మంది వచ్చారు. ముసలమ్మలు అల్లికలు తెచ్చుకుని ముందు వరసలో కూర్చున్నారు. వాళ్ళు ఆట చూస్తూ అల్లుతారు, అల్లుతూ తిడతారు, ఒక్క కుట్టూ తప్పరు.

ఎల్స్పా జాబితా ఇచ్చింది. మొదటి గీత మీద ఎప్పుడూ ఉండే పేరే ఉంది. ఆ రోజు కూడా బల్ల దగ్గర ఎబ్బాయే. ఎక్కించుకుంది.

మొదటి సెట్ టోర్షావన్ వాళ్ళది. రెండోది లోమ్వీది. మూడోది మళ్ళీ వాళ్ళది. నాలుగో సెట్లో ఇరవై నాలుగు, ఇరవై మూడు. ఈ ఒక్క పాయింటూ వస్తే లోమ్వీకి అయిదో సెట్ దక్కుతుంది, రాకపోతే ఇరవై నాలుగు సమానం, సెట్ పోతే ఇంటికే. అవతలి సర్వీసు బలంగా వచ్చింది. రగ్నా ఎలాగో చెయ్యి అడ్డం పెట్టింది, బంతి నెట్టు దగ్గరికి వంకరగా లేచింది. సున్వా దాని కిందికి పరిగెత్తింది. చోటు లేదు. ముందున్న పిల్లని ఇద్దరు కాపు కాశారు. అప్పుడు సున్వా నెట్టుకి వీపు తిప్పేసింది, చూడకుండా, తల మీదుగా, వెనక్కి వదిలింది. అక్కడ ఒక పిల్ల ఉంది. కొట్టింది. బంతి అవతలి నేల మీద పడిన చప్పుడుకి హాలు లేచి నిలబడింది.

ముందు వరసలో ఒక ముసలమ్మ అల్లిక ఒళ్ళో పడేసుకుని, "బీరిటా తల్లీ!" అని కేకేసింది. ఆ కేక ఎల్స్పా వీపుకి తగిలింది. కళ్ళు మసకబారాయి. ఆ బంతి ఏళ్ళ తరబడి తన చేతికి వచ్చిన బంతి.

ప్రతి సెట్‌కీ ఇచ్చినట్టే అయిదో సెట్‌కి ముందూ కోచ్ ఒక చీటీ ఇవ్వాలి. కోర్టు మీద మొదట నిలబడే ఆరుగురి నంబర్లు, ఎవరెక్కడో, ఆరు గళ్ళలో రాసి రెండో రెఫరీకి అందించాలి. అందించాక మార్చడానికి లేదు, అది ఆట మొదలైన నాటి నుంచీ ఉన్న పద్ధతి. ఎల్స్పా బెంచీ మీద వంగి, చెంపలు తుడుచుకుంటూ గబగబా రాసింది. ఆరు అంకెలు. చీటీ మడిచి ఇచ్చేసింది. ఇచ్చి, పిల్లల దగ్గరికి వెళ్ళి సున్వా భుజం తట్టి, ఒక్క క్షణం ఆగి, "బాగా ఆడావే సున్వా," అంది. సరైన పేరే అంది, పాపం.

పిల్లలు కోర్టు మీదికి వెళ్ళారు. రెండో రెఫరీ ట్రోండుర్ చీటీ పట్టుకుని వచ్చి వాళ్ళ వీపుల మీద నంబర్లు సరిచూస్తున్నాడు. అతను బీరిటాతో కలిసి చదువుకున్నవాడే. రెండో చోటు దగ్గర ఆగాడు. చీటీ చూశాడు. సున్వా వీపు చూశాడు. మళ్ళీ చీటీ చూశాడు. కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు మొహంలో. మెల్లగా బెంచీ దగ్గరికి నడిచి వచ్చాడు.

"ఎల్స్పా," అన్నాడు గొంతు తగ్గించి. "తొమ్మిది రాశావు."

"ఎక్కడ?"

చీటీ చూపించాడు. ఆరు గళ్ళు, అయిదు సరిగ్గా ఉన్నాయి. పద్నాలుగు ఉండాల్సిన గడిలో తొమ్మిది, గుండ్రంగా, అందంగా, ఏ తడబాటూ లేకుండా.

"అయ్యయ్యో! ఇటివ్వు, మార్చేస్తా."

"ఇచ్చాక మార్చకూడదు కదా."

"మనిషివేనా నువ్వు? ఆ నంబరు ఎవరిదో నీకు తెలియదా?"

"తెలుసు కాబట్టే రాలేక వచ్చాను." ట్రోండుర్ చెమట తుడుచుకున్నాడు. "జాబితాలో ఆ నంబరు లేకపోయుంటే, చీటీయే తప్పని నీ చేతికి తిరిగిచ్చేవాణ్ణి. కానీ ఉంది ఎల్స్పా. నువ్వు రాశావు, ఎబ్బా ఎక్కించింది. కాగితం ప్రకారం తొమ్మిది వచ్చి ఉంది, ఆడాలి. తొమ్మిది కోర్టులో లేదు కాబట్టి..." అని పెద్ద రెఫరీ వైపు చూశాడు.

ఎబ్బా బల్ల దగ్గర లేచి నిలబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. అవతలి కోచ్ వచ్చి, "మార్చుకోనివ్వండయ్యా, మేమేమీ అనుకోం," అంది. మంచి మనిషి. ఎత్తు స్టాండు మీదున్న పెద్ద రెఫరీ తల అడ్డంగా ఊపింది. సెమీఫైనల్, చీటీ మార్చనిచ్చారని రేపు ఒక్కరు ఫిర్యాదు కాగితం పెడితే మ్యాచ్ మొత్తం పోతుంది, ఎవరు గెలిచినా పోతుంది. పద్ధతి ప్రకారం మనిషి మార్పు చెయ్యండి అంది. అంటే తొమ్మిది బయటికి, పద్నాలుగు లోపలికి.

మనిషి మార్పుకి మా దగ్గర ప్లాస్టిక్ పలకలుంటాయి. లోపలికి వెళ్ళే పిల్ల, ఎవరి బదులు వెళ్తోందో ఆ నంబరు పలక పైకెత్తి పట్టుకుని గీత దగ్గర నిలబడాలి. లోపలున్న పిల్ల బయటికొచ్చి, ఆ పలక అందుకుని, చెయ్యి కలిపి వెళ్తుంది.

ట్రోండుర్ సున్వాని బయటికి పిలిచాడు. పెట్టెలోంచి ఒక పలక తీసి చేతిలో పెట్టాడు. దాని మొహం చూడకుండా పెట్టాడు.

సున్వా పలక తిప్పి చూసింది. "తొమ్మిదెవరు?" అంది మామూలుగా. "మాలో తొమ్మిది లేదే."

సున్వా బెంచీ వైపు చూసింది. ఎల్స్పా నేల చూపులు చూస్తోంది. అంతే, పిల్లకి అర్థమైపోయింది.

"చీటీ మీద అమ్మ నంబరు రాశావా?"

"పొరపాటు... చేతికి అలవాటై..."

"జాబితాలో లేని నంబరు చెల్లదు కదా. జాబితాలో ఉందా?"

"ఉందమ్మా," అంది బల్ల దగ్గర నుంచి ఎబ్బా, ఏడుపు గొంతుతో. చెప్పకుండా ఉండలేకపోయింది.

"ఇవాళ ఒక్కరోజేనా?"

ఎబ్బా కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"ప్రతి మ్యాచ్‌కీనా? రెండేళ్ళ నుంచీనా?" సున్వా హాలు చుట్టూ చూసింది. ద్వీపం జనం, టోర్షావన్ జనం, రెఫరీలు, కాఫీ బల్ల దగ్గరి ఆడవాళ్ళు. అందరూ తల దించుకున్నారు. "మీ అందరికీ తెలుసా?"

పెద్ద రెఫరీ ఈల వేసింది. వెయ్యక తప్పదు, ఆమె తప్పేముంది. సున్వా గీత దగ్గరికి వెళ్ళి, రెండు చేతులతో తొమ్మిదో నంబరు పలక పైకెత్తి నిలబడింది. లోపల్నుంచి ఎవరూ రాలేదు. వచ్చేవాళ్ళెవరున్నారు? అయినా ఆ పిల్ల ఒక్క క్షణం చూసింది. అందరం చూశాం. తర్వాత ట్రోండుర్ పలక అందుకున్నాడు. ఎబ్బా కాగితం మీద రాసింది, తొమ్మిది పక్కన పద్నాలుగు. సున్వా లోపలికి వెళ్ళింది.

అయిదో సెట్ పదిహేనుకే. మొదట్లో ఆ పిల్ల కోపంతో ఆడింది. ప్రతి బంతీ ముందుకే ఎత్తింది, ఒక్కసారి కూడా వీపు తిప్పలేదు. ఎనిమిది, ఆరు దగ్గర వైపులు మారారు, లోమ్వీదే పైచెయ్యి. ద్వీపం జనం అరవాలో వద్దో తెలియక చప్పట్లు కూడా మెల్లగా కొట్టారు. తర్వాత ఎక్కడో కోపం అయిపోయింది. కోపం ఉన్నంతసేపే ఆదుకుంటుంది. సున్వా కళ్ళ వెంట నీళ్ళు కారడం మొదలైంది. తుడుచుకోవడానికి తీరిక లేదు, బంతి వస్తూనే ఉంది. రెండు బంతులు చేతుల్లోంచి జారాయి. పన్నెండు, పన్నెండు.

ఎల్స్పా టైమ్ అవుట్ అడిగింది. పిల్లలు చుట్టూ చేరారు. సున్వా వెనక్కి నిలబడి, "నన్ను తీసెయ్," అంది.

"తీసేస్తానే. కూర్చో, నీళ్ళు తాగు." ఎల్స్పా రెండో లిఫ్టర్‌కి సైగ చేసింది. ఆ పిల్ల జాకెట్ విప్పుతూ గీత దగ్గరికి వెళ్ళింది. ట్రోండుర్ చెయ్యెత్తి ఆపాడు. దగ్గరికొచ్చాడు.

"కుదరదు ఎల్స్పా," అన్నాడు. "ఈ సెట్లో పద్నాలుగు వచ్చింది తొమ్మిది బదులు. పద్నాలుగు బయటికి రావాలంటే తొమ్మిదే లోపలికి వెళ్ళాలి. ఇంకెవరూ వెళ్ళకూడదు."

ఎల్స్పా ఇరవై ఏళ్ళ నుంచి ఆ నియమం ఎరిగినదే. ఆ క్షణంలో ఎవరో కొత్తగా చెప్పినట్టు విన్నది. "దెబ్బ తగిలితే?" అంది.

"నిజంగా తగిలితే వేరు."

ఎల్స్పా సున్వా చెయ్యి పట్టుకుని చెవిలో అంది, "మడమ బెణికిందని చెప్పవే. నీ కాళ్ళు పట్టుకుంటా, ఒక్క మాట చెప్పు."

"నేను అబద్ధం చెప్పను." సున్వా చెయ్యి విడిపించుకుంది. "తొమ్మిది రావాలన్నారుగా. రమ్మను."

"సున్వా..."

"రమ్మను పిన్నీ. రెండేళ్ళ నుంచి రాస్తున్నావుగా, వచ్చిందనేగా రాస్తున్నావు. ఒక్కసారి రమ్మను. నేను అలిసిపోయాను, కొంచెంసేపు ఆడమను."

ఆ మాట గట్టిగా అనలేదు. బెంచీ దగ్గరున్నవాళ్ళకే వినపడింది. రగ్నా మొహం తిప్పేసుకుంది. ఎల్స్పా నీళ్ళ సీసా చాపింది, సున్వా అందుకోలేదు.

ఈల పడింది. సున్వా చొక్కా అంచుతో మొహం తుడుచుకుని తనే లోపలికి వెళ్ళింది. చెప్పాలి కదా, ఆ తర్వాత ఒక్క బంతీ వదల్లేదు. పదమూడు, పన్నెండు. పదమూడు, పదమూడు. పద్నాలుగు, పదమూడు వాళ్ళది. ఆఖరి బంతి కూడా చక్కగా ఎత్తింది, రగ్నాకి, నెట్టుకి జానెడు ఎడంగా, ఎక్కడ కావాలో అక్కడ. రగ్నా కొట్టింది. గీతకి నాలుగు వేళ్ళ అవతల పడింది. అయిపోయింది.

టోర్షావన్ పిల్లలు గెలిచి కూడా గంతులెయ్యలేదు. వరసగా వచ్చి నెట్టు కింద నుంచి చేతులు కలిపారు. వాళ్ళ కోచ్ సున్వా చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని నొక్కి వదిలేసింది. కాఫీ బల్ల దగ్గర కేకులు అలాగే మిగిలిపోయాయి. ఎబ్బా కాగితం ఎల్స్పా ముందు పెట్టి సంతకం పెట్టమంది. "ఆ మొదటి రోజే నేను నిన్ను అడగాల్సింది," అంది. ఎల్స్పా సంతకం పెట్టింది.

సాయంత్రం నాలుగింటి ఓడ. గాలి తగ్గింది. జట్టు పిల్లలు కింద క్యాంటీన్లో ముడుచుకు కూర్చున్నారు, ఎప్పుడూ పేకాడేవాళ్ళు ఆ రోజు పేకముక్కలు ముట్టలేదు. ఎల్స్పా పైన, కిటికీ పక్క బల్ల దగ్గర ఒక్కతే కూర్చుంది. ఎవరూ దగ్గరికి వెళ్ళలేదు, ఏమని ఓదార్చాలో తెలియక. గంటసేపటికి సున్వా వచ్చింది. రెండు కప్పుల కాఫీ తెచ్చింది. ఒకటి పిన్ని ముందు పెట్టి ఎదురుగా కూర్చుంది.

"చక్కెర వెయ్యలేదు," అంది.

"నాకొద్దు చక్కెర."

"తెలుసు. అమ్మకి కావాలి, నీకొద్దు."

కిటికీలోంచి చిన్న దీవి ఒకటి వెనక్కి పోతోంది, దాని మీద గొర్రెలు తప్ప మనుషులుండరు. సున్వా దాన్నే చూస్తూ అంది, "ఆగస్టు నుంచి వస్తానని వాళ్ళకి చెప్పేశాను. హాల్లోనే చెప్పాను."

"చెబుతావని తెలుసు."

"రేవు దాకా సంచి మోస్తానన్నావు."

"మోస్తా."

"పిన్నీ, ఒకటి అడుగుతా, కోపం తెచ్చుకోకు." కప్పు పక్కకి జరిపింది. "నేను వెళ్ళిపోయాక నా నంబరు కూడా రాస్తూ కూర్చోకు."

ఎల్స్పా సంచిలోంచి నోట్‌బుక్ తీసింది. ప్రతి మ్యాచ్‌కీ అందులోంచే జాబితా ఎత్తి రాసేది. పేజీ తెరిచి, పెన్ను దాని మీద పెట్టి, సున్వా వైపు జరిపింది. "నా చెయ్యి మాట వినదు. నువ్వే కొట్టెయ్."

సున్వా పెన్ను తీసుకుంది. ముందు తన పేరు వెతికింది. పద్నాలుగు, సున్వా. ఆలోచించకుండా ఒక్క గీత గీసేసింది. తర్వాత పై గీతకి వచ్చింది. తొమ్మిది, బీరిటా. పెన్ను ఆనించింది. అలాగే ఉంది. ఓడ ఊగుతున్నా ఆ పెన్ను కదల్లేదు. హాలు హాలంతటినీ తల దించుకునేలా చేసిన పిల్ల, మూడు అక్షరాల మీద గీత గియ్యలేకపోయింది.

"నావల్ల కావడం లేదు పిన్నీ," అంది, పెన్ను వదిలేస్తూ. "నువ్వు ఎందుకు రాశావో..." అని ఆగిపోయింది.

ఎల్స్పా పెన్ను అందుకుంది. ఈసారి చేతిని కళ్ళారా చూస్తూ, పాల దగ్గరి పిల్లి మీద పెట్టినంత కాపలా పెట్టి, అక్క పేరు మీద గీత గీసింది. గీత వంకరగా పోయింది, కానీ ఇటు చివర నుంచి అటు చివర దాకా పోయింది. పుస్తకం తిప్పి సున్వాకి చూపించింది.

అప్పుడు ఏడ్చింది ఆ పిల్ల. తల్లి సమాధి దగ్గర కూడా ఏడవని పిల్ల, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, పిన్ని పక్కన కూలబడి, మెడలో మొహం దాచుకుని, ఊపిరందనట్టు ఏడ్చింది. ఎల్స్పా దాని జుట్టు నిమిరింది. పేరు పెట్టి పిలిచి ఊరుకోమనాలని నోరు తెరిచింది. తెరిచి, ఏ పేరు వస్తుందో తన మీద తనకే నమ్మకం లేక, మళ్ళీ మూసుకుంది. ఓడ రేవుకి చేరేదాకా వీపు నిమురుతూనే ఉంది, ఒక్క పేరూ పెట్టి పిలవలేదు.